నోరు తెరిచిన తేనెపిట్ట

ఇది రాద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. కలం పట్టుకున్న ప్రతిసారీ ఒకటే భయం. చదివేవాళ్ళలో మా ఫ్యాక్టరీ వాళ్ళు ఎవరైనా ఉంటే? మా వీధి వాళ్ళుంటే? 'ఓహో, అప్పుడు నిమోనియా అని చెప్పింది ఇదన్నమాట' అనుకుంటే? ఆ భయం ఇప్పుడు పూర్తిగా పోయిందని కాదు. నాలాగే అనుమానంతో ఒళ్ళు చెడగొట్టుకునే మనిషి ఇంకొకడు ఎక్కడో ఉండే ఉంటాడు, వాడికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నాకు టీబీ వచ్చింది. రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నా తప్పేమీ లేదు. రెండోసారి మాత్రం చేతులారా తెచ్చుకున్నాను.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, పంపులకు వేసే రబ్బరు వాషర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ చెకింగ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి ముక్కనూ వెలుగుకు అడ్డంపెట్టి, ఇందులో ఎక్కడో లోపం ఉండే ఉంటుంది అనుకోవడమే నా పని. లోపం దొరక్కపోతే, అది లేదని కాదు, నాకు దొరకలేదని బాధపడేవాణ్ణి. మా ఆవిడ సుజాత, "నీకు జీతమిచ్చేదే అనుమానపడనీకి. ఇంటికొచ్చి గూడ ఓవర్‌టైమ్ జేస్తున్నవ్" అనేది. నవ్వుతూనే అనేది, అప్పట్లో.

2009 మొదట్లో

మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే కళ్ళె పరీక్ష చేయించారు. టీబీ అన్నారు. ఆరు నెలల మందు అన్నారు. ఆ మందు ఇంటికి ఇవ్వరు. మనిషి పేరు రాసి ఒక అట్టపెట్టె పెడతారు, అందులో మొత్తం కోర్సు ఉంటుంది. వారానికి మూడు రోజులు వెళ్ళి ఆరోగ్య కార్యకర్త కళ్ళ ముందే గుప్పెడు గోలీలు మింగాలి. మా వైపు ఆ పని చూసే ఆమె పేరు రాజమణి. ఆమె గదిలో అలమారలో వరసగా డబ్బాలు, డబ్బాల మీద పేర్లు. వెళ్ళిన ప్రతిసారీ నా డబ్బాను గోడవైపు తిప్పి పెట్టి వచ్చేవాణ్ణి. మళ్ళీ వెళ్ళేసరికి నా పేరు బయటికే చూస్తూ ఉండేది. రాజమణి దాన్ని సరిచేసేది, నేను దాన్ని తిప్పేవాణ్ణి. ఇద్దరం ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు.

మొదటి రెండు నెలలు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మాది అద్దె ఇల్లు, కింది పోర్షన్. వెనక కిటికీ పక్కన మునగచెట్టు ఉంది. మాఘం దాటేసరికి ఆకు కనపడనంతగా పూసింది. ఆ పూలకు బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చేది. నీడలో నల్లగా ఉండేది, ఎండ తగిలితే ఊదారంగు, నీలం కలిసి మెరిసేది. పూలగుత్తికి తలకిందులుగా వేలాడి, వంకర ముక్కు లోపల దూర్చి తేనె తాగేది. తేనెపిట్ట. పుట్టి నలభై ఏళ్ళయినా నేను దాన్ని అప్పుడే చూశాను. మంచం మీద నుంచి లేవడానికి నాకు దొరికిన మొదటి కారణం అది.

కాస్త కోలుకోగానే కోఠీకి పోయి సెకండ్ హ్యాండ్ కెమెరా, పొడుగు లెన్సు కొన్నాను. లెన్సులో బూజు ఉందేమోనని నలభై నిమిషాలు టార్చి వేసి చూస్తే, షాపతను "అన్నా, పిల్లను సూడనీకి గూడ ఇంత టైమ్ తీస్కోరు" అన్నాడు.

చిన్నపిట్టల ఫొటోలు తీసేవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. వాటిని కళ్ళతో వెతకడం దండగ. అవి ఒక్క చోట నిలవవు. ముందు చెవి పని చేయాలి. 'చివిట్ చివిట్' అని ఏ కొమ్మలోంచి వస్తుందో ఆ వైపు లెన్సు పెట్టుకుని కూర్చుంటే, పిట్ట తనంతట తనే ఆ పూలకు వస్తుంది. నేను వారంలోపే ఈ విద్య పట్టాను. తేనెపిట్ట పిలుపు వేరు, కంటిచుట్టూ తెల్ల చక్రం ఉండే పచ్చపిట్టది వేరు, అన్నిటికంటే చిన్నగా ఉండి 'టిక్ టిక్' మనేదాని పిలుపు వేరు. ఆదివారాలు ఉప్పల్‌లో బస్సు మారి నారపల్లి దాకా పోయేవాణ్ణి. అక్కడ పొలాలు ప్లాట్లు అవుతున్నా, హద్దురాళ్ళ మధ్య మోదుగచెట్లు ఇంకా కొన్ని మిగిలి ఉండేవి. శివరాత్రి ముందు అవి ఎర్రగా పూస్తే పిట్టల సంతే.

రెండు నెలలకు దగ్గు పోయింది. ఒళ్ళు చేసింది. అప్పుడు నా బుర్ర పని మొదలుపెట్టింది. తగ్గిపోయిన మనిషికి ఇంకా నాలుగు నెలలు మందు ఎందుకు? డబ్బా ఖాళీ చేసి లెక్క చూపించుకోడానికి కాకపోతే? వెళ్ళడం మానేశాను. రాజమణి రెండుసార్లు ఇంటికి వచ్చింది. ఆ యూనిఫామ్ చీరతో మా గుమ్మంలో నిలబడితే వీధి మొత్తానికి తెలిసిపోతుందని నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి మౌనిక అప్పుడు ఏడో తరగతి. 'డాడీ ఇంట్ల లేడు' అని దానితో చెప్పించాను. పిల్లతో అబద్ధం ఆడించినందుకు అప్పుడు సిగ్గుపడలేదు. ఇప్పుడు పడుతున్నాను.

2010 డిసెంబర్

దగ్గు తిరిగి వచ్చింది. ఈసారి రుమాలు మీద శనగగింజంత ఎర్రమరక. సుజాత బట్టలు ఉతుకుతూ చూసింది. మర్నాడు బంద్ అయినా, ఆటోలు లేకపోయినా, నన్ను నడిపించుకుంటూ దవాఖానాకు తీసుకుపోయింది.

అక్కడి వెయిటింగ్ హాలు సంగతి చెప్పాలి. ఛాతీ జబ్బుల గది ముందు ఎవరూ ఎవరినీ చూడరు. అందరూ ఏదో చుట్టానికి తోడుగా వచ్చినట్టే కూర్చుంటారు. ఎదురు బెంచీ మీద మా ఫ్యాక్టరీ క్యాంటీన్ చూసే మనిషి ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇద్దరం ఒకేసారి రుమాళ్ళు జేబుల్లో దాచాం. ఆ తర్వాత క్యాంటీన్‌లో ఎప్పుడు ఎదురుపడినా అతను నా ప్లేటులో ఒక గరిటె ఎక్కువే వేసేవాడు. అది దయా, నోరు మూసుకొమ్మని లంచమా అని నాకు ఇప్పటికీ తెలియదు.

నా పక్కన కూర్చున్న ముసలామె బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టబోయింది. ఆమెకు ఏ జబ్బో, చేతులు ఎక్కడెక్కడ పెట్టిందో అని వద్దన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. టీబీ ఉన్నవాణ్ణి నేను, భయపడిందీ నేనే. ఆ బత్తాయి ఇంకా నాకు గుర్తొస్తుంది.

డాక్టరు నా పాత కార్డు చూసి, "ఎందుకు ఆపారు?" అన్నాడు.

"తగ్గింది సార్."

"మీరు ఆపారు. అది ఆపలేదు."

ఈసారి ఎనిమిది నెలలు. గోలీలతో పాటు మొదటి రెండు నెలలు వారానికి మూడు సూదులు, మొత్తం ఇరవై నాలుగు. సుజాత దవాఖానా మెట్ల మీద కూర్చుండిపోయింది. "పోయినసారి నువ్వు జెప్పింది నమ్మిన. ఈసారి డబ్బా నేనే సూస్త" అంది.

2011 జనవరి, ఫిబ్రవరి

పరీక్షలన్నీ అయి మందు మొదలయ్యేసరికి జనవరి చివరైంది. సోమ, బుధ, శుక్రవారాలు సుజాత నా వెంట రాజమణి దగ్గరికి వచ్చేది. నేను గోలీలు మింగాక నోరు తెరిచి చూపించమనేది. సొంత పెళ్ళాం. రాజమణి కూడా అంత చేయలేదు.

ఇంట్లో నా అనుమానం ఇంకో దారి పట్టింది. నా గ్లాసు, నా పళ్ళెం వేరుగా పెడుతున్నారేమోనని. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ, నేను నీళ్ళు తాగే స్టీలు గ్లాసు అడుగున సూదితో చిన్న చుక్క గీశాను. అది రోజూ నాకే వస్తే, వేరు పెట్టినట్టు. మూడో రోజు ఆ గ్లాసు మౌనిక చేతిలో కనిపించింది. వేరు పెట్టలేదని సంతోషించాల్సింది పోయి, "పిల్లకు నా గ్లాసు ఎందుకిచ్చినవ్, బుద్ధున్నదా?" అని సుజాత మీద అరిచాను. ఆమె గ్లాసు తిరగేసి చుక్కను చూసింది, నన్ను చూసింది. రెండు రోజులు మాట్లాడలేదు.

పదో సూదికి కాబోలు, చెవుల్లో సన్నగా గుయ్‌మనడం మొదలైంది. దూరంగా ఎక్కడో మిల్లు నడుస్తున్నట్టు. రాజమణి సూది వేస్తూ ప్రతిసారీ అడిగేది, "చెవుల్ల ఏమన్న సప్పుడు వస్తున్నదా సార్? తల తిరుగుతున్నదా?" అని.

"ఏం లేదు" అనేవాణ్ణి.

ఎందుకు అబద్ధం చెప్పానంటే, ఒకసారి మందు ఎగ్గొట్టినవాణ్ణి. ఇప్పుడు చెవి బాగాలేదంటే, మళ్ళీ తప్పించుకునే ఎత్తు వేస్తున్నాడనుకుంటారు. లేదా పెద్ద దవాఖానాలో చేర్చి బెడ్డు మీద పడేస్తారు, అప్పుడు ఫ్యాక్టరీకి తెలుస్తుంది. నాలో నేనే రెండు వైపులా వాదించి, రెండు వైపులా గెలిచి, నోరు మూసుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పై డాబా మీద సెల్ టవర్ లేచింది. ఇంటి ఓనరు కృష్ణవేణి ఆంటీ పై పోర్షన్‌లో ఒక్కతే ఉండేది. వాళ్ళది గోదావరి వైపు. భర్త పోయి చాన్నాళ్ళయింది. టవర్ల వల్ల పిచ్చుకలు పోతున్నాయని అప్పుడు ఎక్కడ చూసినా ఇదే మాట. ఇనుప కమ్మీలు ఒకదాని మీద ఒకటి లేస్తుంటే నేను కింద నిలబడి రోజూ చూసేవాణ్ణి.

నేను భయపడిందే జరిగింది. మునగచెట్టు పూసింది. పిట్టలు మూగబోయాయి.

మొదట పచ్చపిట్టల చప్పుడు పోయింది. తర్వాత ఆ 'టిక్ టిక్'. చివరికి తేనెపిట్ట. కొమ్మల్లో కదులుతూ కనిపించేవి, పూలగుత్తులు ఊగేవి, కానీ చప్పుడు లేదు. పిట్ట వచ్చిన సంగతే తెలిసేది కాదు, కళ్ళతో వెతుక్కుని తీయాల్సి వచ్చేది. ఆదివారం నారపల్లి పోతే అక్కడా అంతే. మోదుగలు మండిపోతున్నట్టు పూశాయి, చెట్టు కింద శ్మశానంలా ఉంది. అక్కడి హైవే పక్కన కూడా రెండు టవర్లు లేచి ఉన్నాయి. నా లెక్క సరిపోయింది. ఒక నోటుబుక్కులో తేదీలవారీగా రాయడం మొదలుపెట్టాను, మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వడానికి.

ఇంకొకటి. నా కెమెరా ఫోకస్ కుదిరినప్పుడు 'బీప్' మనేది, అది మానేసింది. మౌనిక సెట్టింగులు కెలికిందని దాన్ని తిట్టాను. అది ఏడ్చింది. కోఠీకి తీసుకుపోతే షాపతను అటూ ఇటూ నొక్కి, "బరాబర్ ఉంది గదన్నా" అన్నాడు. రిపేరు చేయడం రాక బొంకుతున్నాడనుకుని లాక్కొచ్చాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో గుసగుసలు ఒక ఎత్తు. సుజాత గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. మౌనిక కూడా. నేను గదిలోకి రాగానే ఇద్దరి మాటలూ గొణుగుడైపోయేవి. ఫ్యాక్టరీలో మేనేజరు గొంతు బాగానే వినబడేది, బస్సు కండక్టరు గొంతు వినబడేది. నా ఇంట్లో ఆడవాళ్ళు మాత్రం నాకు వినపడకూడదని మాట్లాడుకుంటున్నారు. సాయంత్రాలు సుజాత మెట్ల దగ్గర కృష్ణవేణి ఆంటీతో తలలు దగ్గర పెట్టి మాట్లాడేది. ఆంటీ ఏదో చేతికిచ్చేది, సుజాత కొంగులో దాచుకునేది. జబ్బు సంగతి చెప్పేసిందని, ఆంటీ ఇల్లు ఖాళీ చేయమంటోందని, సుజాత బతిమాలుతోందని నాకు ఖాయమైపోయింది. అడిగితే, "ఏం లేదు" అంది. నేను రాజమణికి చెప్పే మాటే, అదే రకంగా.

2011 మార్చి

పదిహేడు సూదులు అయ్యాయి. ఏడు మిగిలాయి. ఆ ఆదివారం నోటుబుక్కు, కెమెరా పట్టుకుని పైకి వెళ్ళాను. ఇల్లు ఖాళీ చేయమనే ముందే నేనే కడిగేద్దామని.

ఆంటీ డాబా మీద వడియాలు పెడుతోంది. నెత్తి మీద టవర్.

"మీ టవర్ వల్ల పిట్టలన్ని ఆగమైనయ్ ఆంటీ. కంప్లయింట్ ఇస్తున్న. ముందే జెప్తున్న" అన్నాను.

ఆమె చేయి కడుక్కుని నిదానంగా లేచింది. కళ్ళజోడు పెట్టుకుని నా నోటుబుక్కులో తేదీలు చదివింది. తర్వాత దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది, "నరసింహ గారూ, టవర్ ఇంకా ఆన్ చెయ్యలేదండీ. కరెంటు కనెక్షనే రాలేదు. లేచినప్పటి నుంచీ నేనూ ఆ కంపెనీ వాళ్ళ చుట్టూ తిరుగుతున్నాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి ఇలాంటివి లెక్కలోకి రావు. కెమెరా తెరిచి ఫొటోలు చూపించాను. రెండేళ్ళ కిందట ఎన్ని పిట్టలో, ఇప్పుడెన్నో చూడమన్నాను. ఆమె ఒక్కొక్కటే నొక్కుతూ చూసింది.

"తగ్గలేదండీ, ఎక్కువే ఉన్నాయి. ఇదిగో, ఇదైతే పాడుతోంది కూడానూ."

"అది పాడలే ఆంటీ. ఆ రోజు ఆ చెట్టు కిందనే గంట సేపున్న. ఒక్క సప్పుడు లేదు."

"మరి నోరెందుకు తెరిచిందండీ?"

కెమెరా లాక్కుని చూశాను. మునగపూల మధ్య మగ తేనెపిట్ట. మెడ చాచింది. వంకర ముక్కు రెండుగా తెరుచుకుని ఉంది, గొంతు ఉబ్బింది, లోపల సన్నని నాలుక కూడా కనిపిస్తోంది. ముందుది నొక్కాను. అందులోనూ నోరు తెరిచే ఉంది. ఇంకా ముందుకు పోయాను. నారపల్లి మోదుగ మీద తీసినవి, మా కిటికీలోంచి తీసినవి. పన్నెండు, పదమూడు ఫొటోల్లో పిట్టలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వారాల తరబడి అవి నా మొహం మీదే పాడుతున్నాయి. ఇరవై ఏళ్ళు లోపాలు వెతికిన కళ్ళు ఇవి. ప్రతి ఫొటోనూ పెద్దది చేసి ఈకలు చూశాను, కంట్లో మెరుపు చూశాను, ఇది చూడలేదు.

తల ఎత్తితే ఆంటీ ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి, నాకు గొణుగుడు అందుతోంది. ఆమె నా భుజం తట్టి మెట్ల వైపు చూపించింది. అక్కడ సుజాత నిలబడి ఉంది. మొహం ఎర్రబడి ఉంది. ఎప్పటినుంచో పిలుస్తున్నట్టుంది.

కిందికి పోయి మునగచెట్టు దగ్గర కూర్చున్నాను. అదృష్టమో దురదృష్టమో, పిట్ట వచ్చింది. నాకు పదడుగుల దూరంలో కొమ్మ చివర నిలబడి, రెక్కలు విదిలించి, నోరు తెరిచింది. గొంతు కొట్టుకోవడం నాకు కనబడుతోంది. చెవుల్లో ఆ మిల్లు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను ఏడ్చాను. రక్తం పడ్డప్పుడు ఏడవలేదు, రెండోసారి టీబీ అన్నప్పుడు ఏడవలేదు. ఆ పిట్ట కోసం పెద్దగా ఏడ్చాను.

సుజాత వచ్చి పక్కన కూర్చుంది. "పిట్ట పాడుతున్నదా?" అని అడిగాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగి చెప్పింది, "ఇంత లొల్లి జేస్తుంటే అడుగుతవేంది?"

నాకు వినపడటం లేదని చెప్పాను. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "నువ్వు నాతోని మాటలు బంజేసినవనుకున్న" అంది. "పిలిస్తే పలుకవు. గ్లాసు లొల్లి అయినప్పటి సంది పగ వట్టిండు అనుకున్న. మౌనికను గూడ నాయినతోని ఎక్కువ మాట్లాడకు అని చెప్పిన."

గుసగుసలు ఎక్కడా లేవు. వాళ్ళు మామూలుగానే మాట్లాడారు.

ఆ సాయంత్రం నా బుర్ర మళ్ళీ తన పని చేసింది. ఇంక ఏడు సూదులే కదా. ఓర్చుకుంటే అయిపోతుంది. చెబితే సూది ఆపేస్తారు, ఆపితే జబ్బు ముదిరితే? చెప్పకపోతే మిగిలిన వినికిడి కూడా పోతే? ఎటు చూసినా నష్టమే, ఎవరిని నమ్మాలో తెలియదు. సుజాత మాత్రం ఏ లెక్కా వేయలేదు. సోమవారం పొద్దున రాజమణి సూది తీయకముందే, "ఈయనకు చెవులు వినవడ్తలెవ్వు" అని చెప్పేసింది.

రాజమణి సూది పక్కన పెట్టి నన్ను చూసింది. "అడిగిన గద సార్. ప్రతిసారి అడిగిన."

"మల్ల ఎగ్గొడుతున్ననుకుంటరని చెప్పలే."

"నన్ను గంత నమ్మకపోతే ఎట్ల సార్?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆమె ఆ రోజు డ్యూటీ వేరేవాళ్ళకు అప్పజెప్పి, తనే మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవిని దెబ్బతీసింది ఆ సూదిమందేనని సూదులు ఆపారు, మందులు మార్చి రాశారు. చెవి పరీక్షకు పంపారు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏదో తొడిగి, చేతికి బటన్ ఇచ్చి, చప్పుడు వినిపిస్తే నొక్కమన్నారు. మొదట గబగబా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మెషీన్ ఆగిపోయిందేమోనని అద్దంలోంచి చూస్తే, లోపలి అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది.

కాగితం మీద గీత తీసి చూపించారు. సగం దూరం తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి కిందికి జారిపోయింది. "లావు గొంతులు వినిపిస్తాయి. సన్నవి పోయాయి" అన్నాడు చెవి డాక్టరు.

"తిరిగి వస్తదా సార్?"

"ఉన్నది కాపాడుకుందాం."

ఆ తర్వాత

సెప్టెంబర్‌కు మందు పూర్తయింది. కళ్ళె పరీక్ష మూడుసార్లూ శుభ్రంగా వచ్చింది. చివరి రోజు రాజమణి నా ఖాళీ డబ్బా చేతికిచ్చి, "ఇగ ఎటు తిప్పుకుంటరో తిప్పుకోండ్రి" అంది. ఆమెకు అంతా తెలుసు.

కొంగులో దాచిన వస్తువు సంగతి కూడా తేలింది. కోడిగుడ్లు. కృష్ణవేణి ఆంటీ భర్త పోయింది ఇదే జబ్బుతోనట. నా దగ్గు వినగానే ఆమెకు అర్థమైపోయిందట. తను ముట్టని గుడ్లు రోజూ రెండు తెప్పించి, నాకు తెలిస్తే తిననని, చాటుగా ఇచ్చేదట. కాబట్టి వాళ్ళు నా వెనక ఏదో చేస్తున్నారన్న నా అనుమానం తప్పు కాదు. ఏం చేస్తున్నారన్నదే తప్పు.

చెవికి మెషీన్ పెట్టి చూశారు. కుక్కర్ కూత పెద్దదైంది, స్కూటర్ హారన్లు పెద్దవయ్యాయి, పిట్ట మాత్రం రాలేదు. ఇంట్లో ఇప్పుడు నాతో ఎదురుగా నిలబడి మాట్లాడతారు. నేను పరధ్యానంగా ఉంటే మౌనిక, "చెవిటోని ముందు శంఖం ఊదినట్టే ఉంది" అని ఆటపట్టిస్తుంది. దాన్ని ఏడిపించినందుకు ఆ మాత్రం పడాలి.

చదివేవాళ్ళకు చెప్పాల్సింది రెండే మాటలు. మందు మొదలుపెడితే ఒళ్ళు బాగైందని మధ్యలో ఆపకండి, నేను ఆపడం వల్లనే ఆ సూదుల దాకా పోయింది. ఒంట్లో కొత్తగా ఏం తేడా వచ్చినా మందు ఇచ్చేవాళ్ళకు ఆ రోజే చెప్పండి. వాళ్ళు ఏమనుకుంటారో అని ఆలోచించకండి.

పిట్టల ఫొటోలు మానేద్దామనుకున్నాను. కెమెరా అలమారలో పెట్టేశాను. మరుసటి ఏడు శివరాత్రి ముందు సుజాతే దాన్ని దులిపి బయటికి తీసి, "నడువు, నారపల్లికి" అంది. పిట్టలంటే ఆమెకు పెద్ద ఇష్టం లేదు, ఎండంటే తలనొప్పి. అయినా వచ్చింది. మోదుగ కింద నేను కెమెరాతో కూర్చుంటే, నా వెనక నిలబడింది. చప్పుడు ఎడమవైపు వస్తే నా ఎడమ భుజం మీద, కుడివైపు వస్తే కుడి భుజం మీద వేలితో తట్టేది. పాట మొదలవగానే రెండుసార్లు తట్టేది, నేను నొక్కేవాణ్ణి. అప్పటినుంచి పూతకాలంలో ప్రతి ఆదివారం ఇదే మా పద్ధతి.

నా బుద్ధి మారిందని మాత్రం అనుకోవద్దు. ఈ ఏడు కూడా మోదుగ కింద కూర్చుని ఉండగా ఒక ఆలోచన వచ్చింది. ఈమెకు నిజంగా వినిపిస్తోందా, లేక నా మనసు నొచ్చుకోకూడదని ఊరికే తడుతోందా? పిట్ట పాడిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఆమె ఏం చెబితే అదే కదా. ఆ రోజు ఇంటికి వచ్చాక, ఆమె వంటింట్లో ఉండగా ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఆమె రెండుసార్లు తట్టినప్పుడు నొక్కినవి ఇరవై రెండు. ఇరవై ఒక్క ఫొటోల్లో ముక్కు తెరిచి ఉంది. ఒక్కదాంట్లో మూసి ఉంది. దాన్ని ఇంకా పెద్దది చేసి చూస్తుంటే, వెనక నుంచి సుజాత వచ్చింది. ఎదురుగా వచ్చి నిలబడి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగింది.

"చెకింగ్ అయిందా? ఎన్ని రిజెక్ట్ అయినయ్?"

"ఒక్కటి" అన్నాను. "నువ్వు టైముకే తట్టినవ్. నేనే లేటుగ నొక్కిన."